అవనిగడ్డ ఐస్ డిపోకి చేరని కబురు

ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకి కబుర్లు చేరవేసే పనిలో ముప్పై నాలుగేళ్లు ఉన్నాను. రిటైరై రెండేళ్లయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు గుడివాడ వచ్చి నన్ను కలుస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "క్యూకి కలపడానికి ఏ ఇంటర్‌ఫేస్ వాడమంటారు సార్?"

ఆ ప్రశ్నకి కూర్చుని జవాబు చెప్పలేను. లేచి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెడతాను. మాన్యువల్‌లో ఉన్న జవాబు చెప్పాలంటే పావుగంట చాలు. అందులో లేనిది చెప్పాలంటే అవనిగడ్డ దాకా, అక్కడి నుంచి నాగాయలంక రేవు దాకా వెళ్లాలి. వచ్చినవాళ్లకి అంత తీరిక ఉండదు. చెప్పకుండా పంపిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. అందుకని రాస్తున్నాను. నాకొచ్చిన పదవుల గురించి, నేను నింపిన ఫారాల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటి వల్ల నేను నేర్చుకున్నదీ ఏమీ లేదు.

తలుపులు

క్యూ అంటే తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్పాలి. చెరువు గట్టు మీద ఒక మనిషి ఫోన్‌లో "రేపు పొద్దున్నే ఐస్ కావాలి" అని నొక్కుతాడు. అది అందుకోవాల్సిన కంప్యూటర్ ఇంకో ఊళ్లో ఉంది. ఆ నిమిషానికి దానికి కరెంటు లేకపోవచ్చు, లేదా అది వేరే పనిలో ఉండొచ్చు. అయినా కబురు పోకూడదు. అందుకని మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కబుర్లన్నిటినీ వచ్చిన వరసలో నిలబెట్టి, అవతలి కంప్యూటర్ వచ్చి అడిగేదాకా భద్రంగా ఉంచుతుంది. అదే మెసేజ్ క్యూ.

మా నాన్నగారు వరసల్లో నిలబడేవారు కాదు. మా తాతగారి హయాంలో గుడివాడ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో మాకు భూములుండేవి. నాకు ఊహ తెలిసేసరికి అద్దెకి తీసుకున్న రెండు గదులు, నాన్నగారి నలగని పంచె మిగిలాయి. రేషన్ షాపు దగ్గర ఆయన ఎదురు అరుగు మీద నిటారుగా నిలబడి, వరసంతా అయిపోయాక వెళ్లేవారు. చాలాసార్లు అప్పటికి కిరసనాయిలు కూడా అయిపోయేది. ఆయన ఖాళీ డబ్బాతో అంతే నిటారుగా ఇంటికొచ్చేవారు. ఆ ఇంట్లో పుట్టి, బతుకంతా వరసలు నడిపే పని చేశాను.

మన ప్రోగ్రాం క్యూ దగ్గరికి వెళ్లడానికి స్థూలంగా మూడు తలుపులుంటాయి. మొదటిది ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లే ఇచ్చే సొంత ఇంటర్‌ఫేస్. ఆ సాఫ్ట్‌వేర్‌కి చేతనైన ప్రతి పనీ దీంతో చేయించుకోవచ్చు. రేపు ఇంకో కంపెనీ క్యూకి మారితే మాత్రం ప్రోగ్రాంలన్నీ తిరగరాయాలి. రెండోది పదిమందీ ఒప్పుకున్న ప్రామాణిక ఇంటర్‌ఫేస్. జావాలో రాసేవాళ్లకి బాగా అలవాటైనది. కింద సాఫ్ట్‌వేర్ మారినా పైన మీరు రాసింది చాలావరకు నిలుస్తుంది, కొన్ని ప్రత్యేక సౌకర్యాలు వదులుకోవాలి. మూడోది వెబ్ తలుపు. బ్రౌజర్ వెబ్‌సైటుని అడిగినట్టే ప్రోగ్రాం క్యూని అడుగుతుంది. అవతలి కంప్యూటర్లో ఏదీ ఎక్కించక్కర్లేదు. చేతనైనవాడు ఒక పూటలో రాసేస్తాడు.

చాలామంది వీటిని వేగంతో పోలుస్తారు. ఏది కొత్తది, ఏది పాతది అని పోలుస్తారు. నా మటుకు నేను ముందు ఒకటే అడుగుతాను. కబురు చేతికిచ్చాక క్యూ దాన్ని ఎప్పుడు చెరిపేస్తుంది? ఇవ్వగానే చెరిపేస్తుందా, మన ప్రోగ్రాం "పనైంది" అనేదాకా ఆగుతుందా? మొదటి రెండు తలుపుల్లోనూ ఆగమని చెప్పొచ్చు. వెబ్ తలుపుల్లో కొన్నిటికి ఆ ఏర్పాటు ఉంది, కొన్నిటికి లేదు. మాకున్నదానికి లేదు.

ఈ ప్రశ్న నాకు నేర్పింది హైదరాబాదులో నా మొదటి బాస్, రాజ్యం గారు. పొట్టిగా, ఎప్పుడూ చేతిసంచీతో ఉండేవారు. మేం కొత్త ప్రోగ్రాం నడిపి చూపిస్తుంటే మధ్యలో లేచి వెళ్లి నెట్‌వర్క్ తీగ పీకేసేవారు. తీగ చేతిలో పట్టుకునే, "ఊఁ, ఇప్పుడు చెప్పు నాయనా, ఆ కబురెక్కడుంది?" అనేవారు. చెప్పలేకపోతే ఆ రోజుకి అంతే, ఇంటికి పొమ్మనేవారు. అంత మంచి బాస్ నాకు మళ్లీ దొరకలేదు. ఆవిడ నేర్పింది పాతికేళ్లకి పైగా మర్చిపోలేదు. మర్చిపోకూడని రోజున మర్చిపోయాను.

పది రోజులు

చివరి తొమ్మిదేళ్లు బందరులో ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో పనిచేశాను. దాని ఎండీ గారి నాన్నగారు ఒకప్పుడు మా తాతగారి పొలం కౌలుకి చేసినాయన. ఆ సంగతి ఎండీ గారు ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అదే మా మధ్య మర్యాద. అయితే ఆయన గదిలో కుర్చీకి వీపు ఆనించి కూర్చున్న రోజు మాత్రం నాకు ఒక్కటీ గుర్తు లేదు.

నాగాయలంక చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు పట్టిన రోజున, వల పైకి వచ్చేసరికి ఐస్ గట్టు మీద ఉండాలి. ఆ ఐస్ అవనిగడ్డలో మా డిపో నుంచి వ్యాన్లలో వెళ్లేది. డిపో ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉంది. అంతవరకు అన్నీ ఫోన్ల మీద నడిచేవి. ఒక సమావేశంలో ఎండీ గారు, ఫోన్ల గోల తగ్గించి అన్నీ కంప్యూటర్లో పెట్టడానికి ఎంతకాలం పడుతుందని అడిగారు. పది రోజులన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అంతకు ముందు మాట్లాడినాయన మూడు నెలలన్నాడు, బహుశా అందుకని.

నా కింద శిరీష అని పెడన అమ్మాయి ఉండేది. తెలివైన ప్రోగ్రామరు, ఏదీ మనసులో ఉంచుకోదు. ఆ అమ్మాయి, నేను లెక్క వేసి చూశాం. ప్రామాణిక ఇంటర్‌ఫేస్ పెట్టాలంటే డిపోలో ఉన్న ముసలి కంప్యూటర్ సరిపోదు. కొత్తది తెప్పించాలి, ఇంటర్నెట్ వాళ్లతో మాట్లాడి దారి తెరిపించాలి. మూడు వారాలకి తక్కువ కాదు. వెబ్ తలుపైతే నాలుగు రోజులు. నేను వెబ్ తలుపు అన్నాను.

శిరీష ఆ మాట ఎండీ గారి ఎదుటే ఎత్తింది.

"సార్, ఇది ఇస్తూనే చెరిపేస్తుంది. ఇచ్చేటప్పుడు మధ్యలో లైన్ పోతే?"

"పోతే మన ప్రోగ్రాం మళ్లీ అడుగుతుంది" అన్నాను.

"మళ్లీ అడిగితే తర్వాతది ఇస్తుంది సార్. పోయింది పోయినట్టే."

ఎండీ గారు నా వైపు చూశారు. "మరి ఇంకో పది రోజులు తీసుకోండి, ప్రసాదు గారూ. దానికేముంది" అన్నారు.

ఆయన నిజంగానే అన్నారు. గడువు ఇవ్వలేదని నేను ఎవరి మీదా నింద వేయలేను. కానీ చెప్పిన తేదీ వెనక్కి జరపడం మా ఇంట్లో లేదు. ఆయన ముందు అసలే లేదు. "అక్కర్లేదండీ, పది రోజులే" అన్నాను. ఏ తలుపు పెట్టాలన్నది ఆ వాక్యంతో తేలిపోయింది. తర్వాత నేను చెప్పిన సాంకేతిక కారణాలన్నీ దానికి కట్టిన తోరణాలు.

కొత్తవాళ్లకి నిష్కర్షగా ఒక మాట. ఇంటర్‌ఫేస్ ఎంచుకోవడానికి కాగితం మీద రాసే కారణాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఆ కాగితం రాయడానికి ముందే ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చేశారో కనుక్కోండి.

గోడ

డిపో ఇన్‌చార్జి కోటయ్య. నాగాయలంక మనిషి, యాభై దాటాయి. వయసులో సముద్రం మీద వేటకి వెళ్లేవాడు, మోకాలు దెబ్బతిన్నాక మా డిపోలో చేరాడు. డిపో గోడకి ఒక చోట నల్లరంగు పూసి ఉండేది. ఐస్ కావాలని ఫోన్ రాగానే కోటయ్య అక్కడ సుద్దతో చెరువు నంబరు రాసేవాడు. వ్యాను బయల్దేరినా తుడిచేవాడు కాదు. ఐస్ మీద ఊక పోసి గోనెలు కప్పి పంపుతారు. ఆ గోనెలు తడిసి, ఖాళీగా తిరిగొస్తేనే నంబరు తుడిచేవాడు. సాయంత్రానికి గోడ మీద ఏ నంబరు మిగిలినా ఇంటికి వెళ్లకుండా ఆరా తీసేవాడు.

కొత్త కంప్యూటర్ స్క్రీన్ పెట్టిన రోజున ఆ గోడకి సున్నం కొట్టించాను. కోటయ్య అడ్డు చెప్పలేదు. "అదుంటే ఏంటంట బాబుగారూ, తిండి పెట్టాలా దానికి?" అని మాత్రం అన్నాడు. రెండు చోట్ల రాసుకుంటే రెండు లెక్కలవుతాయని అతనికి పెద్దరికంగా వివరించాను. ఇకమీదట ఫోన్లు కూడా వద్దన్నాను. చెరువు దగ్గరి మనిషికి తన ఫోన్ తెర మీద "డిపోకి అందింది" అని పచ్చగా కనిపిస్తుంది, అది చాలన్నాను.

ప్రోగ్రాంని బందరు ఆఫీసులో, ఏసీ గదిలో, మంచి లైన్ మీద పరీక్షించాం. రెండు వందల కబుర్లు పంపితే రెండు వందలూ వచ్చాయి. పరీక్ష అవనిగడ్డలో కూడా చేద్దామని శిరీష అంది. తొమ్మిదో రోజు నడుస్తోంది. వద్దన్నాను.

ఆ గోడ ఏ పని చేస్తోందో నాకు అర్థమయ్యేసరికి ఏడు వారాలు పట్టింది. పనైందన్న రుజువు చేతికి వచ్చేదాకా చెరపకూడదన్న సూత్రాన్ని పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాస్తారు. కోటయ్య దాన్ని సుద్దముక్కతో నడిపాడు. నేను దానికి సున్నం కొట్టి, ఆ సూత్రం లేని తలుపు తెచ్చి పెట్టాను.

లాగ్

ధనలక్ష్మి నాగాయలంక పక్కన రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలు వేసింది. భర్త లారీ మీద వెళ్తే వారాల తరబడి రాడు. మేతా, నీళ్లూ, కాపలా అంతా ఆవిడే. కోటయ్యకి వరసకి కూతురవుతుంది, బాబాయ్ అని పిలిచేది.

పట్టుబడికి ముందు రోజు సాయంత్రం, చెరువు దగ్గరుండే మా కంపెనీ మనిషి ఐస్‌కి కబురు పెట్టాడు. తెర మీద పచ్చగా "అందింది" అని వచ్చింది. అది చూపించి ఆవిడకి ధైర్యం చెప్పాడు. తెల్లవారుతూనే వల లాగారు. ఆరింటికి రావాల్సిన వ్యాను ఎనిమిదైనా లేదు. మా మనిషికి అక్కడ సిగ్నల్ అందక, బండి మీద దూరం వెళ్లి ఫోన్ చేశాడు. వ్యాను వచ్చేసరికి పదిన్నర. అప్పటికి ఎండ ముదిరింది. రొయ్యల తలలు వదులయ్యాయి. ప్లాంటు గేటు దగ్గర నాణ్యత చూసేవాళ్లు సరుకంతా తిప్పి పంపారు. ఆవిడ నాలుగు నెలల కష్టం ఒక్క పూటలో పోయింది.

కబురు అందగానే డిపో కంప్యూటర్ అచ్చువేసే స్లిప్పు తనకి రానేలేదన్నాడు కోటయ్య. ఎండీ గారు నన్ను పిలిచారు. నేను సర్వర్ లాగ్, అంటే క్యూ తను చేసిన ప్రతి పనినీ టైముతో రాసుకునే చిట్టా తీసి, ఆ ఒక్క వాక్యం కింద గీత గీసి ఆయన బల్ల మీద పెట్టాను. ముందు రోజు సాయంత్రం ఐదుంబావుకి కబురు డిపోకి ఇచ్చినట్టు అందులో స్పష్టంగా ఉంది.

"అయితే వీడు అబద్ధం చెప్తున్నాడా?" అన్నారు ఎండీ గారు.

"లాగ్ అబద్ధం చెప్పదండీ" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేనన్న మాటల్లో ఇప్పటికీ నన్ను కుర్చీలోంచి లేపేది ఆ మాటే. లాగ్ అబద్ధం చెప్పలేదు. ఇచ్చానని రాసింది, అంతే. పుచ్చుకున్నారని చదివింది నేను.

కోటయ్యని ఆ రోజే పనిలోంచి తీసేశారు. ఆ వారంలో నాగాయలంకలో ఇంకో మాట పుట్టింది. ఆ ఐస్‌ని కోటయ్య వేరే కంపెనీ వాళ్లకి అమ్ముకున్నాడని. కంపెనీ దగ్గర కాగితం ఉందట, అందులో టైముతో సహా ఉందట అని రేవులో చెప్పుకున్నారు. ఆ కాగితం నాది. ధనలక్ష్మి కోటయ్యతో మాట్లాడటం మానేసింది. ఎదురైతే తల తిప్పుకుని వెళ్లిపోయేదట.

యాభై స్లిప్పులు

తర్వాత నాలుగు రోజులు నేను స్థిమితంగా ఉన్నానని చెప్పను. ఆఫీసులో కూర్చుంటే గుడివాడ బస్సెక్కాలనిపించేది, ఇల్లు చేరితే మళ్లీ బందరు వెళ్లాలనిపించేది. పామర్రులో బస్సు ఆగితే అనవసరంగా దిగి నడిచేవాణ్ణి. లాగ్‌లో ఏదో ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఐదో రోజు ఏడు వారాల లాగ్ మొత్తం ముందు పెట్టుకుని, డిపోలో తీసిన స్లిప్పుల నంబర్లతో సరిచూశాను. ఇచ్చినట్టు ఉండి స్లిప్పు లేనివి ఇంకో మూడు కనిపించాయి. ఆ మూడుసార్లూ చెరువు దగ్గరివాళ్లు నా మాట వినకుండా ఫోన్ కూడా చేశారు కాబట్టి ఐస్ వెళ్లింది. ధనలక్ష్మి చెరువు దగ్గరి మనిషి నా మాట విన్నాడు.

మర్నాడు అవనిగడ్డ వెళ్లాను. ముందు నాగాయలంకలో కోటయ్య ఇంటికి పోయి, పరీక్ష ఉంది, స్లిప్పులు లెక్కపెట్టడానికి రమ్మన్నాను. వచ్చాడు. డిపో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికి కంపెనీ రమ్మంటే వస్తాను. మీరు రమ్మంటే ఇక్కడ కూచుంటా" అన్నాడు.

కిటికీ బయట బల్ల మీద కూర్చున్నాడు, వీపు ఆనించకుండా. నేను ఒక్కో స్లిప్పూ కిటికీలోంచి అందించాను. అతను మోకాలి మీద పేర్చుకున్నాడు. బందరులో శిరీష నంబర్లు వేసి కబుర్లు పంపుతోంది, ఫోన్ చెవి దగ్గరే ఉంది.

"పదహారు?"

"వచ్చింది."

"పదిహేడు పంపాను సార్."

స్లిప్పు రాలేదు. పద్దెనిమిది వచ్చింది. పదిహేడు ఎక్కడుందని అడిగాను. క్యూలో లేదు, లాగ్‌లో ఇచ్చేసినట్టు ఉంది అంది. అప్పుడే ఆవరణలో ఐస్ ఫ్యాక్టరీ కంప్రెసర్ మోత నాకు వినపడింది. ఎప్పుడు మొదలైందో గమనించలేదు.

కోటయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి, మూలనున్న ఇంటర్నెట్ పెట్టె చూపించాడు.

"కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడల్లా కరెంటు కుంగుద్ది. ఆ పచ్చలైటు ఆరి మళ్లీ వెలుగుద్ది."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం కోటయ్యా?"

"మీరు అడగలేదుగా బాబుగారూ. సున్నం కొట్టించే హడావుడిలో ఉన్నారు."

సాయంత్రం ఐదుకి కంప్రెసర్ ఎత్తుతారు. కొన్ని రోజులు ఐదుంబావు అవుతుంది. క్యూ కబురు ఇచ్చి చెరిపేసిన క్షణానికి ఇక్కడ పెట్టె ఆరిపోతుంది. కబురు అటూ ఉండదు, ఇటూ ఉండదు. రాజ్యం గారు లేచి వెళ్లి చేసే పనిని కంప్రెసర్ రోజూ చేస్తోంది. మేం అది చూడని చోట కూర్చుని పరీక్షలు నెగ్గాం.

యాభై అయ్యేసరికి కోటయ్య మోకాలి మీద నలభై ఎనిమిది ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టి నాకిచ్చి, బస్సు వేళైందని లేచాడు.

ఉత్తరం

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం.

ఆ రాత్రే ఎండీ గారికి ఉత్తరం రాశాను. "సాంకేతిక కారణాల వలన సమాచార ప్రసారంలో అప్పుడప్పుడు అంతరాయం కలుగుతున్నట్లు గమనించడమైనది. ఇందులో డిపో సిబ్బంది లోపం లేదు." మంచి భాష. నాన్నగారు చూస్తే మెచ్చుకునేవారు. మర్నాడు శిరీషకి చూపించాను. రెండుసార్లు చదివింది.

"ఇందులో మనం ఎక్కడున్నాం సార్?" అంది.

నేను సంతకం పెట్టి పంపాను. ఎండీ గారు చదివి, లైన్ పోయిందన్నమాట, పోనీలెండి ఎవరి తప్పూ లేదు, కోటయ్యని రమ్మనండి అన్నారు. ధనలక్ష్మి నష్టం సంగతి తాను చూసుకుంటానన్నారు, చూశారు కూడా. నాకు తేలిగ్గా ఊపిరి ఆడాలి. ఆడలేదు.

కోటయ్యకి నేనే ఫోన్ చేశాను. విన్నాడు.

"ఎవరి తప్పూ లేదన్నారా?"

"అవును. నీ మీద మచ్చ లేదు."

"ఎవరి తప్పూ లేదంటే ఊళ్లో ఎవరు నమ్ముతారండీ? పెద్దాళ్లు కలిసి కప్పేశారంటారు. ఐస్ అమ్ముకున్నానని రేవులో అన్నారు. రేవులో చెప్పండి. అప్పుడొస్తా."

"నేను రేవులోకి వచ్చి చెప్పాలా?"

"కాగితం మీరేగా ఇచ్చింది" అని ఫోన్ పెట్టేశాడు.

పదకొండు రోజులు వెళ్లలేదు. ఆ పదకొండు రోజులూ పని మాత్రం రాక్షసంగా చేశాను. డిపోకి కొత్త కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టెకి బ్యాటరీ తెప్పించాను. శిరీష ప్రామాణిక ఇంటర్‌ఫేస్‌తో ప్రోగ్రాం తిరగరాసింది. స్లిప్పు బయటికి వచ్చి, డిపో మనిషి చేత్తో ఒక మీట నొక్కాకే క్యూలోంచి కబురు చెరిగిపోతుంది. మధ్యలో లైన్ పోతే అదే కబురు రెండోసారి వస్తుంది. ఒకే చెరువుకి రెండు వ్యాన్లు వెళ్లకుండా నంబరు చూసి రెండోదాన్ని పక్కన పెట్టే ఏర్పాటు కూడా ఆ అమ్మాయే చేసింది. రెండుసార్లు వచ్చిన కబురుని ఏరేయొచ్చు, అసలు రానిదాన్ని ఎక్కడని వెతకాలి? మీరు ఎప్పుడు ఎంచుకోవాల్సి వచ్చినా ఈ ఒక్క లెక్క గుర్తుంచుకోండి. ఈసారి పరీక్ష డిపోలోనే, కంప్రెసర్ ఎత్తే వేళకి పెట్టాం. యాభైకి యాభై వచ్చాయి, మూడు రెండేసిసార్లు వచ్చాయి.

అంతా సరిగ్గా నడుస్తోంది. డిపోలో బందరు నుంచి పంపిన కొత్తతను కూర్చుంటున్నాడు. నాగాయలంకలో కోటయ్య ఇంట్లో కూర్చుని ఉన్నాడు. మరమ్మతు ముందు చేసి మనిషి సంగతి తర్వాత చూడటాన్ని మా వృత్తిలో బాధ్యత అంటారు. నేను ఆ పదకొండు రోజులూ చేసింది మాత్రం దాక్కోవడం.

రేవు

పన్నెండో రోజు పొద్దున్నే బందరులో బస్సెక్కాను. చల్లపల్లి దాటాక సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను, అవనిగడ్డ వచ్చేసరికి అవి పన్నెండు వాక్యాలయ్యాయి, మళ్లీ నాలుగు చేశాను.

నాగాయలంక రేవులో పడవలు అప్పుడే వచ్చాయి. చేపలు దించుతున్నారు, వేలం పాట పాడుతున్నారు, ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని మూగి ఉన్నారు. కోటయ్య ఒక పడవ పక్కన వల సర్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు కానీ దగ్గరికి రాలేదు. కొంచెం అవతల ధనలక్ష్మి ఎవరితోనో మాట్లాడుతోంది.

మా తాతగారు ఇలాంటి చోటికి వస్తే నలుగురు ముందు నడిచి దారి చేసేవారని చిన్నప్పుడు విన్నాను. నాకు చెప్పులు బురదలో దిగబడ్డాయి. నిలబడటానికి కాస్త ఎత్తు చోటు చూసుకుని, గొంతు సవరించుకున్నాను.

"అందరూ ఒక్క నిమిషం వినండి. నేను రొయ్యల కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆ రోజు ఐస్ కబురు డిపోకి రాలేదు. రాకపోవడానికి కారణం నేను పెట్టిన ప్రోగ్రాం. అది వద్దని మా ఆఫీసు అమ్మాయి ముందే చెప్పింది, నేను వినలేదు. కబురు వచ్చిందని కంపెనీకి కాగితం ఇచ్చింది కూడా నేనే. కోటయ్య ఐస్ అమ్ముకోలేదు."

పాట ఆగలేదు. దగ్గరున్న ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటంటాడు?" అని పక్కవాణ్ణి అడిగాడు. "కోటయ్యది తప్పు లేదంట, ఈయనదంట" అన్నాడు పక్కవాడు, చేప మీద నుంచి చూపు తిప్పకుండానే.

ధనలక్ష్మి నా వైపు చూడలేదు. కోటయ్య ఉన్న వైపు నాలుగడుగులు వేసి ఆగింది.

"బాబాయ్, టీ తాగావా?" అంది.

"ఇంకా లేదమ్మా."

"రా అయితే."

కోటయ్య వల కింద పెట్టి ఆవిడ వెనక నడిచాడు. ఇంకా చెప్పాలనుకున్న వాక్యాలు నా దగ్గర మిగిలే ఉన్నాయి. నేను అలాగే నిటారుగా నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది.

"కాస్త పక్కకి జరగండి బాబుగారూ, బుట్టొస్తోంది."

జరిగాను.